ముందు వరుస కుర్చీలు

నా రాతలో దీర్ఘాలు, ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి, మన్నించాలి. ఒక పేజీ నిండేసరికి నాకు ఒక పూట గడుస్తుంది. వానలు జోరుగా కురిసే రోజుల్లో ఇది మొదలుపెట్టాను. ఇప్పుడు మా బ్లాకు ముందు చైనా వాళ్ళ కొత్త సంవత్సరానికి ఎర్ర లాంతర్లు కడుతున్నారు. కావ్యశ్రీ చదివి తప్పులు కొన్ని దిద్దింది. మాటలు మాత్రం నావే ఉంచమన్నాను.

నేను పుట్టింది మలేషియాలో, పేరాక్ వైపు ఒక కొబ్బరితోటలో. మా తాతలు విశాఖపట్నం దాటి ఎక్కడి నుంచో ఓడలో వచ్చారట. తోటలో ఉన్న చిన్న తెలుగు బడి నేను నడక నేర్చే నాటికే మూతపడింది. ఆ తరవాత ఏ బడికైనా పంపాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. పెళ్ళయ్యాక ఆయనతో సింగపూరు వచ్చాను. ఆయన రేవులో లారీ నడిపేవారు. నేను బెడోక్‌లో హాకర్ సెంటర్లో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒక కప్పు కింద ఉండే చోట, బల్లలు తుడిచి, తిన్న ప్లేట్లు ఎత్తేదాన్ని. ఆయన పోయాక పని మానేశాను. పొద్దు గడవక ఒక ఆదివారం మా బ్లాకు కింద గదిలో పిల్లలెవరో తెలుగులో మాట్లాడుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. వాళ్ళు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పలక ఇచ్చారు. అలా మొదలైంది.

ఆ క్లాసు నడిపేవాళ్ళు జూనియర్ కాలేజీ పిల్లలు. వాళ్ళకు పెద్ద కావ్యశ్రీ. వాళ్ళ నాన్న హైదరాబాదు నుంచి వచ్చి బ్యాంకులో పనిచేస్తాడు. దాని జత నిఖిల. ఇద్దరూ నన్ను అమ్మమ్మా అంటారు. ముందు తెలుగు అక్షరాలు, అవి వచ్చాక ఇంగ్లీషు అక్షరాలు చెప్తారు. నాతోపాటు ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. భద్రయ్య వచ్చేదాకా మగవాళ్ళెవరూ రాలేదు.

భద్రయ్యది శ్రీకాకుళం జిల్లా. షిప్‌యార్డులో వెల్డరు. క్రాంజీలో పనివాళ్ళ డార్మిటరీలో ఉంటాడు. గుడిలో అన్నదానం వరుసలో నిలబడినప్పుడు వెనక ఉన్న నిఖిలతో మాట కలిసి, క్లాసు సంగతి విని వచ్చాడు. క్రాంజీ ఈ ఊరికి ఆ కొస, బెడోక్ ఈ కొస. బస్సెక్కి, రైలెక్కి, రైలు మారి వచ్చేవాడు. వచ్చిన కాసేపటికే పలక మీద తల వాల్చి నిద్రపోయేవాడు. కొన్ని ఆదివారాలు అలా చూసి ఇక రానన్నాడు. వారంలో ఉన్న ఒక్క సెలవూ రైల్లోనే అయిపోతోందన్నాడు.

అతనికి చదువు ఎందుకు కావాలో మాకందరికీ తెలుసు. షిప్‌యార్డులో పొద్దున్నే పని మొదలయ్యే ముందు అందరినీ బోర్డు ముందు నిలబెడతారు. ఆ రోజు ఓడలో ఏ ట్యాంకులోకి దిగాలి, ఎక్కడ గ్యాస్ ఉంది, ఎటు పోకూడదు, అంతా ఇంగ్లీషులో రాసి ఉంటుంది. తెలుగువాళ్ళ గుంపుకి ఒక మనిషి దాన్ని చదివి చెప్తాడు. ఆ మనిషి పైనే ఉంటాడు, ట్యాంకులోకి దిగే పని ఉండదు. అప్పుడు చదువుతున్న మనిషి దీపావళికి ఇంటికి వెళ్ళిపోతున్నాడు, తిరిగి రాడు. భద్రయ్య గుంపులో అందరికన్నా పాతవాడు. చదవడం వస్తే ఆ పని నీదేనని అక్కడి పై అధికారి చెప్పాడు. రాకపోతే ఏమవుతుందో అతనే ఒకసారి నాతో అన్నాడు. అతని మోకాళ్ళు అరిగిపోయాయి. మోకాళ్ళు వంగని వెల్డరుకి కంపెనీ పర్మిట్ మళ్ళీ రాయదు. మరుసటి ఏడాదికి అతని పర్మిట్, అంటే ఇక్కడ పనిచేసే అనుమతి, అయిపోతుంది.

కావ్యశ్రీ డార్మిటరీలోనే క్లాసుకి ఒక గది ఇప్పించమని అడిగి చూసింది. అనుమతులు రావడానికి చాలాకాలం పడుతుందన్నారు. అప్పుడు పిల్లలు వ్యాను ఆలోచన చేశారు. ఆదివారం మధ్యాహ్నం వ్యాను క్రాంజీ వెళ్ళి పనివాళ్ళను ఎక్కించుకు రావాలి, సాయంత్రం దింపి రావాలి. దానికి డబ్బు కావాలి. పరీక్షలు దగ్గర పడుతున్నా ఆ పిల్లలు ఇల్లిల్లూ తిరిగారు. పాత పుస్తకాలు అమ్మారు, మురుకులు అమ్మారు, కార్లు కడిగారు. వచ్చింది ఏ మూలకూ చాలలేదు.

బిషాన్‌లో కాండోలో, అంటే కలిగినవాళ్ళ అపార్ట్‌మెంట్లలో, ఉండే కమలాదేవి గారు వాళ్ళ కాండో హాలులో అరిటాకు భోజనం పెడదామన్నారు. తెలుగువాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని వచ్చి తింటారు, తిన్నాక తోచింది ఇస్తారు. కమలాదేవి గారు కాస్త అధికారంగా మాట్లాడతారు గాని, పని మాత్రం తన చేత్తోనే చేస్తారు. పులిహోర ఆమే కలిపారు.

ఆ భోజనానికి జగన్మోహనరావు గారు వస్తానన్నారు. ఆయనది సొంత వ్యాపారం, కంప్యూటర్ల కంపెనీ. వ్యానుకి ఏడాది పాటు అయ్యే డబ్బు ఆయన ఒక్కరే ఇవ్వగలరు. కాని ఆయనకు ఒక చేదు అనుభవం ఉంది. సొంత ఊరి బడికి ఒకసారి కంప్యూటర్లు పంపారట. రెండేళ్ళ తరవాత వెళ్ళి చూస్తే అట్టపెట్టెలు విప్పకుండా గదిలో పేర్చి ఉన్నాయట. అందుకే కావ్యశ్రీతో ముందే ఒక మాట అనుకున్నారు. క్రాంజీ వాళ్ళను భోజనానికి పిలవండి, వాళ్ళు ఆదివారం నిద్ర మానుకుని అంతదూరం వస్తే అప్పుడు వ్యాను మాట మాట్లాడదాం అన్నారు. నాకు తెలిసి వాళ్ళు రారు అని కూడా అన్నారు.

కావ్యశ్రీ భద్రయ్యకు ఫోను చేసింది. అతను ఇంకో నలుగుర్ని తీసుకుని వస్తానన్నాడు.

ఆదివారం పొద్దున్నుంచీ నేను హాలులోనే ఉన్నాను. ఆకులు తుడవడం నా పని. పిల్లలు బల్లలు వరుసలుగా వేశారు. అన్నిటికన్నా ముందు వరుసలో, మైకుకి ఎదురుగా, అయిదు కుర్చీలు క్రాంజీ వాళ్ళకని పెట్టారు. పెద్ద పెద్దవాళ్ళు ఎవరొచ్చినా ఆ కుర్చీలు ఇవ్వకూడదని నిఖిల పట్టుబట్టింది. వాళ్ళే ఈ రోజు మనకు ముఖ్యులు అంది. ఎవరూ కూర్చోకుండా ఒక్కో కుర్చీ మీదా ఒక్కో టిష్యూ పొట్లం పెట్టింది.

సింగపూరు ఎరగనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. ఇక్కడ హాకర్ సెంటర్లో తిండి తెచ్చుకోవడానికి వెళ్ళేముందు బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి వెళతారు. చోప్ చేయడం అంటారు. పొట్లం ఉన్న చోటు ఇంకొకరిదని అర్థం. దాని పక్కన డబ్బు సంచీ మరిచిపోయినా ఎవరూ ముట్టరు. ఇక్కడ పుట్టిన పిల్లలకు అది ఊపిరి పీల్చుకున్నట్టు. నిఖిల రెండో ఆలోచన లేకుండా పెట్టేసింది, నేనూ పక్కనే ఉండి చూశాను. నాకూ ఏమీ అనిపించలేదు.

జనం వచ్చారు. హాలు నిండింది. పిల్లలు గోడ మీద బొమ్మలు వేసి క్లాసు గురించి చెప్పడం మొదలుపెట్టారు, దీపాలు తగ్గించారు. ఆ సమయంలో తలుపు దగ్గర అయిదుగురు మగవాళ్ళు నిలబడడం చూశాను. ఇస్త్రీ చొక్కాలు, తడి తలలు, నున్నగా దువ్విన జుట్టు. ముందున్నది భద్రయ్య. నేను చెయ్యి ఊపాను, చీకట్లో అతనికి కనబడలేదు. వాళ్ళు గోడవారగా ముందు వరుస దాకా నడిచారు. కుర్చీల వైపు చూశారు. వెనక్కి తిరిగి హాలంతా చూశారు. మళ్ళీ గోడవారగా వచ్చి తలుపు దాటారు. చేతులు కడుక్కోవడానికేమో అనుకుని నేను ఆకుల పనిలో పడ్డాను.

దీపాలు వెలిగాక ముందు వరుస ఖాళీగా ఉంది. అయిదు కుర్చీల మీద అయిదు పొట్లాలు.

కావ్యశ్రీ ఫోను చేస్తే భద్రయ్య ఎత్తలేదు. కమలాదేవి గారు ఇక ఆగితే పప్పు గట్టిపడిపోతుందన్నారు. వడ్డన మొదలైంది. జగన్మోహనరావు గారు రెండో వరుసలో కూర్చున్నారు, ఆ కుర్చీలకు సరిగ్గా వెనక. పులిహోర కలుపుకుంటూ కావ్యశ్రీని పిలిచారు. కోపంగా అనలేదు.

“చెప్పాను కదమ్మా. తప్పు వాళ్ళది కాదు. వారమంతా ఒళ్ళు హూనం చేసుకున్నవాడు ఆదివారం పడుకుంటాడు. మనమే వాళ్ళకేదో కావాలని అనుకుంటాం.”

“దే సెడ్ దే ఆర్ కమింగ్, అంకుల్,” అంది కావ్యశ్రీ. ఇక్కడి పిల్లల అలవాటు ప్రకారం మాట చివర లా తగిలించింది. “వస్తారు లా, కొంచెం వెయిట్ చెయ్యండి.”

“వెయిట్ చేస్తూనే తింటున్నా,” అన్నారు ఆయన.

నేను తలుపు దగ్గర చూసిన సంగతి అప్పుడే పిల్లలకు చెప్పాను. నిఖిల నా మొహంలోకి చూసింది, తరవాత కుర్చీల వైపు చూసింది. నేనూ చూశాను. ఇన్నేళ్ళు హాకర్ సెంటర్లో పనిచేశాను. పొట్లం ఉన్న బల్ల దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడి, మరోచోటు వెతుక్కుంటూ పోయే పనివాళ్ళను ఎంతమందినో చూశాను. ఆ పొట్లం మీకోసమేనని వాళ్ళకు ఎవరు చెప్తారు?

చేతులు చీరకి తుడుచుకుని కిందికి దిగాను. గేటు దగ్గర కాపలా మనిషి, వాళ్ళు బస్‌స్టాపు వైపు వెళ్ళారని చెప్పాడు. అయిదుగురూ అక్కడే ఉన్నారు. దుకాణంలో రొట్టె కొనుక్కుని అప్పుడే వచ్చారట, వాళ్ళ బస్సు ఇంకా రాలేదు. ఒకడు రొట్టె పాకెట్ విప్పుతున్నాడు.

నన్ను చూసి భద్రయ్య లేచాడు. “నీతో సెప్పకుండా ఎల్లిపోతన్నాం, ఏటనుకోకమ్మా. లోపల సోటు నేదు. ముందు కుర్సీలకి బుకింగు అయిపోయింది.”

“ఆ కుర్చీలు మీవేనయ్యా. మీ కోసమని పిల్లలు ఆపి ఉంచారు.”

“మా కోసరం పొట్లాలెట్టేరా?” అన్నాడు రొట్టె మనిషి. అతని పేరు అప్పన్న. అందరిలోకి చిన్నవాడు. “అయ్యి ఎవులో పెద్దోలవి అనుకున్నాం. కూకున్నాక వచ్చి లెగమంటే?”

భద్రయ్య నవ్వలేదు. “ఒకపాలి లెగమన్నారమ్మా. హాకర్ సెంటర్లో తిండి కోసరం కూకున్నాం, ముద్ద నోట్లో ఎట్టుకున్నాక ఒకావిడ వచ్చి పొట్లం చూపించింది. నాను సూడనేదు. ప్లేటు పట్టుకుని నిలబడి తిన్నాను. మళ్ళీ మనోల ముందర ఆ పని నాను సెయ్యను.”

నేను వాళ్ళ పక్కన కూర్చున్నాను. మెట్లు దిగి వచ్చినందుకు ఆయాసంగా ఉంది. జగన్మోహనరావు గారి సంగతి దాచలేదు. మీరు వచ్చారో లేదో చూడాలనే ఆయన వచ్చాడు, మీరు రాలేదనుకుంటున్నాడు, ఇప్పుడు వెళ్ళిపోతే వ్యాను లేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను.

“మరి మా పేర్లు రాసి కుర్సీల మీద ఎట్టుంటే పోయేది గదా,” అన్నాడు భద్రయ్య.

అప్పన్న రొట్టె నములుతూ, “రాస్తే మాత్తరం సదివేదెవుడు మావా?” అన్నాడు.

ముందు వాళ్ళలో వాళ్ళు నవ్వారు, తరవాత భద్రయ్య కూడా నవ్వాడు. వాళ్ళ బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు తలుపు తీసి మా వంక చూశాడు. భద్రయ్య వద్దని చెయ్యి ఊపాడు.

మేము పైకి వెళ్ళేసరికి పెరుగు వడ్డిస్తున్నారు. నిఖిల పొట్లాలు తీసేసింది. పప్పు అయిపోయింది. కమలాదేవి గారు ఏమీ అడగకుండా అయిదు ఆకులు వేయించి, గిన్నె అడుగున మిగిలిన పులిహోరా, రసమూ తెచ్చి స్వయంగా వడ్డించారు. వాళ్ళు కూర్చున్నారు. హాలంతా చూస్తోందని వాళ్ళకు తెలుసు. తలలు ఎత్తలేదు.

జగన్మోహనరావు గారు చేయి కడుక్కుని వచ్చి భద్రయ్య ఎదుట నిలబడ్డారు. “వచ్చి వెళ్ళిపోయారట. క్లాసుకి కూడా ఇలాగే చేస్తారా?”

భద్రయ్య ముద్ద మింగి చెప్పాడు. “కలాసులో కుర్సీల మీద పొట్లాలు ఉండవు గదండీ.”

ఎవరో వెనక నవ్వారు. జగన్మోహనరావు గారికి విషయం తెలియదు. నిఖిల చెప్పింది. ఆయన ఆ చిన్న పొట్లాన్ని నిఖిల చేతిలోంచి తీసుకుని కాసేపు పట్టుకున్నారు. తప్పు ఎవరిదని వెతకలేదు. ఏడాది మాట కూడా ఎత్తలేదు. ఆయన వ్యాపారస్తుడు. సంక్రాంతి దాకా ఇస్తాను, ఒక్క ఆదివారం వ్యాను ఖాళీగా వచ్చినా ఆపేస్తాను అన్నారు. కావ్యశ్రీ “కెన్, అంకుల్,” అంది, సరేనని. ఆయన వెళ్ళాక నిఖిల గోడ వైపు తిరిగి ఏడ్చింది. కావ్యశ్రీ దాన్ని ఓదార్చలేదు, ఆకులు ఎత్తమంది.

తరవాతి నెలలో వ్యాను మొదలైంది. మొదటి ఆదివారం మా బ్లాకు ముందు ఆగింది. లోపలి నుంచి పదిమంది దిగారు. వాళ్ళలో భద్రయ్య లేడు. ఒక ఓడ తొందరగా వెళ్ళిపోవాలని కంపెనీ ఆదివారాలు కూడా పనిపెట్టిందనీ, వెల్డర్లలో పాతవాళ్ళను పనికి ఉంచేశారనీ అప్పన్న చెప్పాడు. కుర్రవాళ్ళకు సెలవు ఉంది.

ఆ తరవాతి వారమూ అతను రాలేదు. వ్యాను మాత్రం నిండుగానే వచ్చేది. ఎందుకో తరవాత తెలిసింది. తెల్లవారుజామున తను పనికి వెళ్ళేముందు భద్రయ్య మంచం మంచం దగ్గరికీ వెళ్ళి, మధ్యాహ్నం వ్యాను ఎక్కాలని కుర్రవాళ్ళకు చెప్పి వెళ్ళేవాడట. నిద్రలో తిట్టినవాళ్ళూ ఉన్నారట. అప్పన్న అయితే మొదట దుప్పటి ముసుగు తీయలేదట. తీసేదాకా అక్కడే నిలబడ్డాడట భద్రయ్య.

అప్పన్నకు చదువు పట్టుబడింది. ఊళ్ళో కొన్నాళ్ళు బడికి వెళ్ళినవాడు కనక పోయింది తిరిగి వచ్చినట్టు వచ్చింది. నాకన్నా వెనక మొదలుపెట్టి నన్ను దాటిపోయాడు. ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుని చదివేవాడు. నిఖిల వాళ్ళ బోర్డు ఎలా ఉంటుందో ఫోనులో ఫోటో తెప్పించి, ఆ మాటలే రాసి నేర్పింది. ఆ బోర్డు చదవడం భద్రయ్య కోసమని పిల్లలకు తెలుసు. అతను ఎప్పుడు వచ్చినా పనికొస్తుందని కాగితాలు దాచిపెట్టారు.

దీపావళి వచ్చింది, వెళ్ళింది. బోర్డు చదివే మనిషి ఇంటికి వెళ్ళిపోయాడు. షిప్‌యార్డులో పై అధికారి తెలుగువాళ్ళ గుంపుని నిలబెట్టి, ఇది ఎవరు చదువుతారని అడిగాడట. అప్పన్న భద్రయ్య వంక చూశాడట. భద్రయ్య తల ఊపాడట. అప్పన్న ముందుకు వెళ్ళి చదివాడు. పని అతనికి ఇచ్చారు.

ఈ సంగతి మాకు అప్పన్నే చెప్పాడు. చెప్తున్నంతసేపూ పలక వంకే చూశాడు. వ్యాను తెచ్చిందీ, క్లాసు నింపిందీ ఎవరికోసమో, అందింది ఎవరికో. కావ్యశ్రీకి పదిహేడేళ్ళు. బాగా చదివే పిల్ల. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టుగా కూర్చుంది.

డిసెంబరులో ఆ ఓడ వెళ్ళిపోయింది. ఆ ఆదివారం వ్యానులోంచి అందరికన్నా చివర భద్రయ్య దిగాడు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఒక్కో కాలూ దించాడు. వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. నేనే అడిగాను. ఆ పని పోయింది కదా, ఇక ఈ చదువు ఎందుకయ్యా, హాయిగా పడుకోకపోయావా అన్నాను.

“పొద్దున్నే అప్పన్న బోరుడు సదువుతాడమ్మా,” అన్నాడు. “గేసు నేదు, దిగిపొమ్మంటాడు. నాను దిగిపోతాను. ఆడు మంచోడే. గానీ నిజంగా సదువుతన్నాడో, నోటికొచ్చింది సెప్తన్నాడో నాకేటి తెలుస్తాది? దిగేది నాను గదా.”

అవతలి బల్ల దగ్గర అప్పన్న వినకుండా ఉండడానికి వీల్లేదు. “మావా, తప్పు సదివితే సెప్పు, దండం ఎడతాను,” అన్నాడు.

“సెప్తాన్రా. ముందు సదవడం రానీ.”

నిఖిల దాచిన కాగితాలు తెచ్చి అతని ముందు పెట్టింది. పర్మిట్ ఎప్పుడు అయిపోతుందని కావ్యశ్రీ అడిగింది. జూన్‌లో అన్నాడు. మళ్ళీ రాస్తారా అంటే, ఏమో అన్నాడు. కావ్యశ్రీ కాగితంలో మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. అతను ఆ అక్షరం గట్టిగా పలికాడు, అప్పన్నకు వినబడేలాగా.

సంక్రాంతి దాటినా జగన్మోహనరావు గారు వ్యాను ఆపలేదు. ఏమీ అనకుండా డ్రైవరుకి డబ్బు పంపుతున్నారు. నిన్న కూడా వ్యాను వచ్చింది. భద్రయ్య వచ్చాడు.

సూరమ్మ
వయసు డెబ్భై ఒకటి
బెడోక్, సింగపూరు